వరిమళ్లలో ఫెర్ను మొక్కలను గుర్తించి వ్రాసికొను విధము

ఎచ్చెర్ల ప్రాంతపు రైతులు వరిమడిలోని ప్రతి నీటిమొక్కను కలుపని తలంపరాదు. ఫెర్ను జాతిలో వరికి చెరుపు చేయునదియు, మేలు చేయునదియు కలవు.

గుర్తులు: ఫెర్నులకు పువ్వులు, విత్తనములు లేవు, సిద్ధబీజములవలన వ్యాపించును.

1. మార్సీలియా: బురదలో ప్రాకును. ఒక్కొక్క కాడ కొనను నాలుగాకులుండును. లేత ఆకు చుట్ట చుట్టుకొని పుట్టును. పులిచింతకు మూడాకులు, పసుపు పువ్వులు, పులుపు రుచి యుండును గనుక రెంటికిని భేదము సులభముగా తెలియును.

2. అజొల్లా: నీటిపై తేలు సన్నని మొక్క. దాని ఆకులలో నివసించు అనబీనా గాలిలోని నత్రజనిని గ్రహించును. కావున ఇది వరికి ఎరువు, పారవేయరాదు.

జాగ్రత్త: మార్సీలియా కాడల మొదట చిక్కుడు గింజవంటి గట్టి కాయలు ఏర్పడును. ఇవి ఎండిన నేలలో ఏండ్ల తరబడి చెడక, నీరు తగిలిన మొలచును. కావున కాయలు పట్టకమునుపే ప్రాకుడు కాండముతో సహా పెరికివేయవలెను. తెగిన ముక్కలు మరల చిగుర్చును.

వ్రాయవలసినవి: తేది, గ్రామము, మడియో గట్టో, నేల, నీటి లోతు, ఆకుల సంఖ్య, కాయలున్నవా లేవా. ఒక మొక్కను వేరుతో తీసి, కడిగి, పాత కాగితముల నడుమ పరచి బరువుంచవలెను. ఆరువరకు దినదినము కాగితములు మార్చి, పుస్తకములోని సంఖ్యనే దానిపై వేయవలెను. సంఖ్య లేని మొక్క మరునాటికి నిరుపయోగము.