ఎముకలు కొరికే చలి రాకముందే

చి. బుజ్జికి,

మినియాపొలిస్‌లో మీరు కొన్న ఇంటికి గ్యాస్ ఫర్నెస్ లేదని, హీట్ పంప్ గాలి గోరువెచ్చగా కూడా రావట్లేదని ఫోన్‌లో బెంగపడ్డావు. అది చెడిపోలేదమ్మా. ఫర్నెస్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన గాలిని కాసేపు ఊది ఆగిపోతుంది. ఇది 95 డిగ్రీల గాలిని గంటల తరబడి పంపుతూనే ఉంటుంది. మన ఒంటి వేడి 98 కదా, చెయ్యి పెడితే చల్లగానే తోస్తుంది. నువ్వు చూడాల్సింది గది వేడిని.

హైదరాబాద్‌లో మీ ఏసీ గదిలోని వేడిని బయటకు తోసేది. ఇది బయటి వేడిని లోపలికి తెస్తుంది. గడ్డకట్టే గాలిలో వేడెక్కడిదంటావేమో. బయటి గొట్టాల్లో తిరిగే రిఫ్రిజిరెంట్ ఆ గాలికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి, మైనస్‌లో కూడా దానికి వేడి దొరుకుతుంది. కాకపోతే చలి ముదిరేకొద్దీ దొరికేది తగ్గుతుంది, ఇంటికి కావలసింది పెరుగుతుంది. అసలు చిక్కంతా అక్కడే.

అందుకే నీకు గట్టిగా చెప్పేది ఒక్కటే. తీవ్రమైన చలి రోజుల్లో థర్మోస్టాట్ జోలికి పోవద్దు. ఆఫీసుకు వెళ్తూ తగ్గించి, వచ్చాక పెంచితే బిల్లు తగ్గుతుందని మనవాళ్లందరికీ ఉన్న నమ్మకమే నీకూ ఉంటుంది. ఒక్కసారిగా అయిదారు డిగ్రీలు పెంచితే పంప్ అందుకోలేదు, వెంటనే దానికి తోడుగా ఉండే బ్యాకప్ కరెంటు హీటర్ తీగలు వేడెక్కడం మొదలుపెడతాయి. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర కూడా మంచి పంప్ యూనిట్ కరెంటుకు ఇంచుమించు రెండు యూనిట్ల వేడి ఇస్తుంది. ఆ తీగలు ఇచ్చేది ఒక్కటే. 68 పెట్టావా, రాత్రీ పగలూ 68 లోనే ఉంచు. ఎమర్జెన్సీ హీట్ మీట మాత్రం బయటి యూనిట్ నిజంగా ఆగిపోతేనే నొక్కు. అది పంప్‌ను ఆపేసి ఇల్లంతా ఆ తీగల మీదే నడుపుతుంది.

2019 జనవరి 30న మీ ఊళ్లో మైనస్ 28 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, అంటే మైనస్ 33 సెల్సియస్. అలాంటి రోజు మళ్లీ వస్తుంది. నీ పంప్ ఎంత చలి దాకా పనిచేస్తుందో, బ్యాకప్ సామర్థ్యమెంతో మాన్యువల్ తీసి ఇప్పుడే చూసుకో. అనుమానంగా ఉంటే నవంబరులోపే మెకానిక్‌ను పిలిపించు. అటక మీద ఇన్సులేషన్ పలచబడి ఉంటే ముందు దానికి డబ్బు పెట్టు. వేడి పైనుంచి పోతుంటే ఏ యంత్రమూ ఆదుకోలేదు.

బయటి యూనిట్ చుట్టూ మంచు పేరుకోనివ్వకు. మధ్యమధ్య ఫ్యాన్ ఆగి దాన్నుంచి పొగలాంటిది లేస్తే భయపడకు. కాయిల్ మీది మంచును తనే కరిగించుకుంటోంది, అది ఆవిరి. ఫిల్టర్ నెలనెలా చూడు. వంటింటి ఎగ్జాస్ట్ పోపు పెట్టినంతసేపే వెయ్యి, అది వెచ్చటి గాలిని కూడా లాగేస్తుంది.

కరెంటు పోతే పంపూ, బ్యాకప్పూ రెండూ ఆగిపోతాయి. అప్పుడు బొగ్గుల గ్రిల్ లోపలికి తేవడం, స్టవ్ వెలిగించి చలి కాచుకోవడం లాంటివి ప్రాణం మీదికి తెస్తాయి, వద్దు తల్లీ. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రెండు గంటల్లో కరెంటు రాకపోతే పిల్లాణ్ణి తీసుకుని ఎవరింటికి వెళ్లాలో ఆ స్నేహితులతో ముందే మాట్లాడిపెట్టుకో.

సంక్రాంతికి మీ అమ్మ వస్తోందన్నావు. ఆవిడ పడుకునే గదిలో వేడిగాలి వచ్చే జాలీ మంచం కింద పడకుండా మంచాన్ని సర్దు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ