అవతలి జట్టు జవాబూ పాఠమే!



ఇంగ్లాండులో పబ్బుల మధ్య క్విజ్ లీగులు ఏళ్లుగా నడుస్తున్నాయి. కొన్ని లీగుల్లో ఒక్కరే జవాబు చెబితే 2 పాయింట్లు, జట్టుతో మాట్లాడుకుని చెబితే 1. తప్పు చెబితే ప్రశ్న అవతలి జట్టుకు వెళుతుంది. వాళ్లు చెబితే వాళ్లకు 1. అందుకే ఎదుటివారి ప్రశ్ననూ శ్రద్ధగా వినాలి. ఆట ముగిశాక రెండు జట్లూ కలిసి కబుర్లాడుకుంటాయి. మళ్లీ వాళ్లతోనే ఆడాలి కదా!

పిల్లలు క్విజ్‌లో ఓడి వస్తే "నీకెన్ని వచ్చాయి? వాడికెన్ని?" అని అడుగుతుంటాం. అలా అడిగితే మరోసారి తెలిసిన జవాబు చెప్పడానికీ జంకుతారు. బదులుగా "అవతలి జట్టు చెప్పినవాటిలో నీకు కొత్తగా ఏం తెలిసింది?" అని అడగండి.

ఈ ఆదివారం తాతయ్య, నానమ్మలతో కలిసి రెండు జట్లుగా 10 ప్రశ్నలు ఆడి చూడండి.