కుండీ లేని ఔషధ మొక్క – నాచు బంతి
కల్వకుర్తి ఎండలో పెంచుకొను విధానం

కుండీతో పని లేకుండా, మట్టిని బంతిగా చేసి, దానిపై నాచు కప్పి, దారంతో చుట్టి, అందులో మొక్కను పెంచే పద్ధతి ఒకటి జపాను దేశంలో ఉంది. దీనిని వారు 'కొకెదమ' అంటారు. 'కొకె' అంటే నాచు. 'దమ' అంటే బంతి. మరుగుజ్జు వృక్షాలను పెంచే బోన్సాయి కళకు ఇది దగ్గరి చుట్టం. తొట్టిలో ఏళ్ల తరబడి పెరిగిన బోన్సాయి వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకొని గట్టి ముద్దగా మారుతాయి. ఆ ముద్దను తొట్టి నుండి తీసి పళ్లెంలో నిలిపి ప్రదర్శించే ఆచారం జపానులో ఉండేది. ఆ ముద్దపై కాలక్రమంలో పట్టే నాచును చూసి, దానినే ఒక సొగసుగా మలచుకున్నారు.

కొత్తగా తోచినా ఈ సూత్రం మనకు బొత్తిగా తెలియనిది కాదు. దానిమ్మ, నిమ్మ కొమ్మలకు గాలి అంటు కట్టే రైతు చేసే పని ఇదే. కొమ్మపై బెరడును ఉంగరంలా ఒలిచి, అక్కడ తడి నాచును గాని మట్టిముద్దను గాని పెట్టి కట్టివేస్తాడు. కొన్ని వారాలకు ఆ ముద్దలోనే వేళ్లు పుట్టుకొస్తాయి. మట్టిని, తేమను, గాలిని ఒకే ముద్దలో సమతూకంగా ఉంచగలిగితే వేరు కుండీని కోరదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. జపాను తేమ గల దేశం. మన కల్వకుర్తి ప్రాంతమో వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, వడగాలి, బోరు నీటిపై ఆధారం గల మెట్ట సీమ. అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడ అనుసరిస్తే ఏప్రిల్ నాటికి బంతి ఇటుకలా ఎండిపోతుంది. కనుక మన నేలకు, మన నీటికి, మన ఇంటి అవసరానికి తగినట్లు దానిని మార్చుకోవాలి. కేవలం అలంకారం కోసం గాక, నాలుగు మందాకులు కూడా ఇచ్చేలా ఈ బంతిని ఎలా పెంచుకోవచ్చునో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నాచు స్వభావం

నాచుకు నిజమైన వేళ్లు ఉండవు. ఉన్నవి పట్టు కోసం పనికివచ్చే సన్నని నూలుపోగుల వంటివే. నీటిని అది ప్రధానంగా తన ఆకుల ద్వారానే పీల్చుకుంటుంది. అందుచేత బంతి లోపల తడి ఉన్నా, పైన వీచే గాలి పొడిగా ఉంటే నాచు గోధుమరంగుకు తిరుగుతుంది. అంతమాత్రాన చనిపోయిందని అనుకోరాదు. గోడల మీద పెరిగే నాచు జాతులు అనేకం ఎండి నిద్రావస్థలోకి పోయి, నీరు తగలగానే మరల పచ్చబడతాయి. వేసవిలో ఎండి నల్లబడిన ప్రహరీ గోడ తొలకరికి పచ్చగా మారడం మనం ఏటా చూస్తున్నదే.

నాచును జూలై నుండి సెప్టెంబరు లోపు మన ఇంటి గోడ నీడ వైపు నుండి, లేదా బావి గట్టు నుండి పలుచని పొరగా తీసుకొనవలెను. మురుగు కాలువల అంచున పెరిగినది పనికిరాదు. నల్లమలకు వెళ్లినప్పుడు అక్కడి నాచును, ఫెర్న్ మొక్కలను పెకలించి తేవడం తగదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుండి మొక్కలను తీసుకురావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాచు దొరకనివారు కొబ్బరి పీచునే పైపొరగా కప్పవచ్చును. మన ఎండలకు నిజానికి ఇదే మన్నికైనది.

ఏ మొక్కలు తగును?

సరస్వతి ఆకు: ఈ పద్ధతికి అన్నింటికంటె తగిన ఔషధ మొక్క ఇది. సంస్కృతంలో మండూకపర్ణి. చరక సంహితలో మేధ్య రసాయనాలుగా చెప్పిన నాలుగింటిలో ఇది ఒకటి. తక్కిన మూడు అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. తేమను, అరనీడను కోరుతుంది. కణుపు కణుపునా వేళ్లు వేస్తూ పాకుతుంది గనుక రెండు మూడు నెలలలో బంతిని తానే కప్పివేస్తుంది. కొనేటప్పుడు ఆకును పరీక్షించవలెను. పొడవైన కాడపై, మూత్రపిండం ఆకారంలో, అంచున గుండ్రని నొక్కులతో ఉంటుంది. చిన్నచిన్న దళసరి ఆకులతో నీటి ఒడ్డున పెరిగే మొక్కను కూడా 'బ్రాహ్మి' పేరుతోనే అమ్ముతారు. అది వేరు మొక్క.

తమలపాకు: నీడను, తేమను ఇష్టపడుతుంది. వ్రేలాడదీసిన బంతికి అందం తెస్తుంది. వడగాలికి మాత్రం ఓర్వదు.

పుదీనా: సులువుగా పెరుగుతుంది. ఆరు నెలలకొకసారి బంతి విప్పి, ముదిరిన వేళ్లు తీసివేసి తిరిగి కట్టవలెను.

వాము ఆకు: దీని కాడలో నీరు నిల్వ ఉంటుంది. బంతి తడి పూర్తిగా ఆరిన తరువాతనే నీరివ్వవలెను, లేకున్న కుళ్లుతుంది. దీనికి నాచు పొర కంటె కొబ్బరి పీచు పొరయే మేలు.

తులసిని బంతిలో పెట్టవద్దు. దానికి పుష్కలంగా ఎండ, లోతైన మట్టి కావాలి. దాని స్థానం కోటలోనే. కలబంద కూడా నిత్యం తడిగా ఉండే బంతిలో నిలువదు. అలంకారానికి విరివిగా వాడే మనీప్లాంటు, డీఫెన్‌బేకియా మొక్కల ఆకులలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. పిల్లలు నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. పసిపిల్లలున్న ఇంట వీటిని చేతికందే ఎత్తులో ఉంచరాదు.

కావలసిన వస్తువులు

జపాను వారు చిత్తడి నేలల్లో రెల్లు కుళ్లి ఏర్పడిన జిగురు మట్టిని, అగ్నిపర్వత ప్రాంతపు ఎర్రని రవ్వ మట్టిని కలిపి వాడతారు. వాటికి బదులు మనకు అందుబాటులో ఉన్నవి ఇవి:

నల్లరేగడి మట్టి – 2 వంతులు
ఎర్రమట్టి – 1 వంతు
కొబ్బరి పొట్టు – 2 వంతులు
బాగా మాగిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు – 1 వంతు
వేపపిండి – ఒక చెంచా
కొబ్బరి పీచు, పురికొస, నాచు – తగినంత

రేగడి జిగురునిస్తుంది గాని, తడిస్తే ఉబ్బి ఆరితే పగులుతుంది. ఆ పగుళ్లను ఆపేది కొబ్బరి పొట్టు. పొట్టులో ఉప్పు ఉండవచ్చును గనుక రెండు మూడు నీళ్లలో కడిగి పిండి వాడవలెను.

తయారుచేయు విధానం

మట్టి, పొట్టు, ఎరువు, వేపపిండి కలిపి కొద్దికొద్దిగా నీరు చల్లుతూ చపాతీ పిండిలా పిసకవలెను. గుప్పిట పట్టి వదిలితే ముద్ద విడిపోరాదు, నీరు కారరాదు. మొక్క వేళ్ల చుట్టూ ఉన్న పాత మట్టిని సగం వరకు మెల్లగా దులిపి, వేళ్లను తడి కొబ్బరి పీచులో చుట్టవలెను. తరువాత ముద్దను రెండు భాగాలుగా చేసి, వేళ్లు మధ్యలో ఉండేలా రెండు చిప్పలను మూసినట్లు మూసి గుండ్రంగా అదమవలెను. పైన నాచు గాని పీచు గాని కప్పి, పురికొసను అన్ని వైపులా చుట్టి ముడివేయవలెను. నూలు దారం కొద్ది నెలలకే చివికిపోతుంది.

బంతి పరిమాణం విషయంలో మనం జపాను వారిని అనుకరించరాదు. వారి బంతులు తరచు బత్తాయి పండంత ఉంటాయి. మనకు వొలిచిన కొబ్బరికాయంత, అంటే 12 నుండి 15 సెంటీమీటర్ల అడ్డుకొలత గల బంతి కావాలి. కారణం లెక్కలోనే ఉంది. బంతి అడ్డుకొలత రెట్టింపు అయితే లోపలి మట్టి 8 రెట్లు పెరుగుతుంది. గాలి తగిలే పైభాగం 4 రెట్లే పెరుగుతుంది. అనగా నీరు నిలిచే చోటు ఎక్కువ, ఆరిపోయే చోటు తక్కువ.

కట్టిన తరువాత రెండు వారాలు నీడలో, గాలి విసురు తగలని చోట ఉంచవలెను.

నీరు పెట్టు పద్ధతి

పైనుండి పోసిన నీరు జారిపోతుందే గాని లోపలికి ఇంకదు. కనుక బంతిని చిన్న బకెట్టు నీటిలో 10 నుండి 15 నిమిషాలు ముంచి ఉంచవలెను. మొదట బుడగలు వస్తాయి. అవి ఆగిపోతే బంతి తడిసిందని గుర్తు. ఆపైన చిల్లుల గిన్నెలో పెట్టి నీరంతా ఓడ్చి యథాస్థానంలో ఉంచవలెను.

ఎప్పుడు ముంచాలో చేతి తూకమే చెబుతుంది. తడిసిన బంతి బరువును మొదటి రోజే గమనించుకొని, అది తేలికైనప్పుడు ముంచితే చాలును. సాధారణంగా వర్షాకాలంలో మూడు నాలుగు రోజులకు, చలికాలంలో రెండు మూడు రోజులకు, మండు వేసవిలో ప్రతి ఉదయం అవసరం కావచ్చును. ఒకే బకెట్టు నీటిలో అన్ని బంతులనూ వరుసగా ముంచి, మిగిలిన నీటిని కరివేపాకు చెట్టుకు పోయవలెను. నీటి ఎద్దడి గల ఇంట రెండు మూడు బంతులకు మించి పెట్టుకొనవద్దు.

లవణాలు అధికంగా గల బోరు నీరు వాడితే నాచుపై తెల్లని పొర ఏర్పడి, ఆకుల కొసలు మాడుతాయి. వాననీరు శ్రేష్ఠం. అది లేనప్పుడు నెలకొకసారైనా తక్కువ లవణాలు గల మంచినీటిలో ముంచి ఆ ఉప్పును కడిగివేయవలెను.

ఎక్కడ, ఎలా ఉంచాలి?

ఉదయపు లేతఎండ సోకే తూర్పు కిటికీ, లేదా ఉత్తరపు వరండా తగిన చోటు. సీలింగు ఫ్యాను కింద, ఏ.సి. గాలికి ఎదురుగా ఉంచితే బంతి త్వరగా ఆరుతుంది. మన పాత ఇళ్లలో మంచినీళ్ల కుండ కింద ఇసుక పోసేవారు. ఆ చల్లని మూల వెలుతురు గలదైతే బంతికి చక్కని నెలవు. ఇత్తడి పళ్లెంలోనో, మట్టి మూకుడులోనో గులకరాళ్లు పరచి వాటిపై ఉంచవచ్చును. వ్రేలాడదీయాలంటే పాలకుండను వ్రేలాడదీసిన ఉట్టి కంటె అందమైన సాధనం మరొకటి లేదు. అయితే తడిసిన పెద్ద బంతి సుమారు 2 కిలోలు తూగుతుంది. దూలానికి గట్టి కొక్కెం ఉండవలెను. ఉయ్యాల పైన, మంచం పైన వ్రేలాడదీయరాదు.

ఆరోగ్య రీత్యా జాగ్రత్తలు

1. దోమలు: పళ్లెంలో నిలిచిన శుభ్రమైన నీరే డెంగీ దోమకు ప్రసూతి గది. గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలును. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని నీరు లేకున్నా నెలల తరబడి బ్రతికి ఉండగలవు. కనుక నీటిని పారబోస్తే చాలదు. వారానికొకసారి పళ్లెంను పీచుతో రుద్ది, కడిగి, ఆరబెట్టవలెను.

2. చేతి గాయాలు: నర్సరీలలో 'స్ఫాగ్నమ్' అనే ఎండు నాచును పొట్లాలలో అమ్ముతారు. దీనిలో ఒక్కొక్కప్పుడు స్పోరోత్రిక్స్ అనే శిలీంధ్రం ఉంటుంది. 1988లో అమెరికాలో ఈ నాచుతో మొక్కలు కట్టిన వారిలో 84 మందికి ఆ చర్మవ్యాధి సోకింది. మన దేశంలోనూ హిమాలయ పాద ప్రాంతాలలో ఈ వ్యాధి ఉంది. గీత పడిన చోట చిన్న గడ్డగా మొదలై పుండుగా మారి, చేతి మీదుగా వరుసగా పైకి గడ్డలు లేస్తాయి. చేతి తొడుగులు లేకుండా ఈ నాచును తాకరాదు. మధుమేహం గలవారు ఈ పనిని ఇతరులకు అప్పగించడం మేలు. మానని పుండు ఉంటే చర్మవైద్యునికి చూపవలెను.

3. బూజు: నిత్యం తడిగా ఉండి గాలి ఆడని గదిలో బంతికి బూజు పడుతుంది. ఉబ్బసం గల వారి పడకగదిలో ఉంచరాదు.

4. గాలి శుద్ధి అనే భ్రమ: ఇంటి మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయనే ప్రచారానికి మూలం 1989లో నాసా తరఫున జరిగిన ప్రయోగం. అది మూసివేసిన చిన్న పెట్టెలలో జరిగింది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అట్టి ప్రయోగాలన్నింటినీ పరిశీలించి, మామూలు భవనంలో వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే ఒక చదరపు మీటరు నేలకు 10 నుండి 1000 మొక్కలు కావాలని తేల్చారు. కనుక వంటింటి పొగకు మందు కిటికీ తెరవడమే.

ఆకును మందుగా వాడునపుడు

నర్సరీ నుండి తెచ్చిన మొక్కపై పురుగుమందు చల్లి ఉండవచ్చును. వచ్చిన నాటి ఆకులను తుంచివేసి, రెండు నెలల తరువాత పుట్టిన కొత్త ఆకులనే నోటికి వాడవలెను. ఔషధ మొక్క గల బంతికి రసాయన మందులు తగలనీయరాదు. కోసిన ఆకును ధారగా పారే నీటిలో కడగవలెను.

సరస్వతి ఆకును అప్పుడప్పుడు నాలుగైదు ఆకులు పచ్చడిలోనో పప్పులోనో వేసుకొనవచ్చును. చదువుకునే పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ఆశతో నెలల తరబడి రోజూ రసం పట్టించడం తగదు. అరుదుగా కాలేయానికి హాని కలిగిన ఉదంతాలు ఉన్నాయి. గర్భిణులు, కాలేయ వ్యాధి గలవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడగక దీనిని వాడరాదు.

జలుబు, దగ్గులకు వాము ఆకు రసంలో తేనె కలిపి ఇవ్వడం మన ఇళ్లలో వాడుక. ఏడాది నిండని శిశువుకు ఎట్టి పరిస్థితిలోనూ తేనె నాకించరాదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వల్ల పసికందుకు కండరాలు చచ్చుబడి ప్రాణాపాయం కలుగవచ్చును. పిల్లవాడు ఆయాసపడుతున్నా, డొక్కలు ఎగరవేస్తున్నా, పాలు తాగకున్నా ఆకు కోసం వెదకక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

నాచు బంతిని మొదలుపెట్టడానికి తొలకరి తరువాతి రోజులు అనుకూలం. అప్పుడు కట్టినది వేసవి వచ్చేలోగా వేళ్లూని బలపడుతుంది. మొదటిసారి ఒక్క సరస్వతి ఆకు బంతితో ఆరంభించి, ఒక వేసవి దాటించగలిగిన పిమ్మట రెండవదాని గురించి ఆలోచించగలరు.