క్రెడిట్లు వస్తాయి సరే... డిగ్రీలో కలుస్తాయా?

అమెరికాలో కాలేజీ మారే విద్యార్థుల నుంచి, వాళ్ల తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈవారం జవాబులు.

? మా అమ్మాయి ఎఫ్‌-1 వీసాపై కాలిఫోర్నియాలోని డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. రెండేళ్లయ్యాక యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారాలని కోరిక. ఎన్ని ఎక్కువ యూనిట్లు చేస్తే అంత మేలంటున్నారు. వేసవిలోనూ క్లాసులు తీసుకోమని చెప్పాలా?
- ఓ తండ్రి, కరీంనగర్

యూనిట్లు పోగేసినంత మాత్రాన ఫలితం ఉండదండీ. మూడో సంవత్సరంలో చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. డి ఆంజాది క్వార్టర్ పద్ధతి కాబట్టి అక్కడి లెక్కలో అవి 90. కమ్యూనిటీ కాలేజీ నుంచి గరిష్ఠంగా 70 సెమిస్టర్ యూనిట్లే, అంటే 105 క్వార్టర్ యూనిట్లే తీసుకుంటారు. అంతకు మించి చదివిన సబ్జెక్టు చదివినట్టుగా గుర్తింపు పొందొచ్చు గానీ, యూనిట్లు మాత్రం లెక్కకు రావు. ఆ ఫీజు మీరు ఊరికే కట్టినట్టవుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. యూనివర్సిటీ ఒక కోర్సుకు క్రెడిట్ ఇవ్వడం వేరు, ఆ కోర్సు మీ అమ్మాయి మేజర్‌కు పనికిరావడం వేరు. క్రెడిట్లన్నీ వచ్చి కూడా మేజర్‌కు కావలసిన గణితమో ఫిజిక్సో లేక ఆగిపోయే పిల్లల్ని తలచుకుంటే బాధేస్తుంది. అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక సైట్‌లో కాలేజీ, క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సుకు ఏది సమానమో తెలుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ కన్సల్టెన్సీ అవసరమూ లేదు. ఈ సాయంత్రమే అమ్మాయితో కలిసి చూడండి.

వేసవి క్లాసులు మంచివే, కానీ మొదటి ఏడాది తర్వాతి వేసవిలో తీసుకోమనండి. కనీస యూనిట్లు చేరబోయే ఫాల్‌కు ముందు స్ప్రింగ్‌లోనే పూర్తవ్వాలని చాలా క్యాంపస్‌లు పట్టుబడతాయి. ఆఖరి వేసవిలో పూడ్చుకుందాం అనుకుంటే ప్రవేశమే చేజారవచ్చు.

మీ అమ్మాయిలాంటి రాష్ట్రేతరులకు కనీస జీపీఏ 2.8. అది అర్హత మాత్రమే, సీటుకు హామీ కాదు. హామీ కావాలంటే టాగ్ అనే ఒప్పందం ఉంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు వర్తిస్తుంది. వాటిలో ఒక్కదానికే దరఖాస్తు చేయాలి, అదీ సెప్టెంబరులోనే. కంప్యూటర్ సైన్స్ లాంటి గిరాకీ మేజర్లను కొన్ని క్యాంపస్‌లు ఇందులోంచి తప్పించాయి, చూసుకోండి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలకు టాగ్ లేదు.

? టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో బీఎస్ రెండో ఏడాది పూర్తి కావస్తోంది. వేసవిలో డల్లాస్‌లో అక్కావాళ్లింట్లో ఉంటాను. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో కాలిక్యులస్-3 చేస్తే ఫీజు తక్కువ. చేయొచ్చా? వీసాకు ఇబ్బందా?
- ఓ విద్యార్థిని, గుంటూరు

చేయొచ్చమ్మా. టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలకు ఉమ్మడి కోర్సు నంబర్లున్నాయి. కాలిక్యులస్-3 నంబరు మ్యాథ్ 2415. అందులో రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది, అంటే నాలుగు. మీ యూనివర్సిటీలో ఆ కోర్సుకు మూడే క్రెడిట్లుండవచ్చు, నంబరూ వేరుగా ఉండవచ్చు. అందుకే సిలబస్ జతచేసి మీ అడ్వైజర్‌కు ఈమెయిల్ పెట్టి, ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకో. మాటవరసకు చెప్పిన ‘ఓకే’ మీద ఆధారపడొద్దు. సాధారణంగా సీ గ్రేడు కన్నా తగ్గితే క్రెడిట్ రాదు. వచ్చినా చాలాచోట్ల ఆ గ్రేడు జీపీఏలో కలవదు కాబట్టి, జీపీఏ పెంచుకోవడమే నీ ఉద్దేశమైతే సొంత యూనివర్సిటీలోనే చెయ్యి. కోర్సు అయ్యాక ట్రాన్స్‌క్రిప్ట్ పంపమని నువ్వే దరఖాస్తు పెట్టాలి. దానంతటది వెళ్లదు.

వీసా సంగతి: ఒక విద్యా సంవత్సరం పూర్తిచేసి, ఫాల్‌లో మళ్లీ చేరేవారికి వేసవి సెలవే. ఫుల్ లోడ్ అక్కర్లేదు, ఒక్క కోర్సైనా పర్లేదు. మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి (డీఎస్‌ఓ) మాత్రం ముందుగా చెప్పు.

? ఎంఎస్ ఒక సెమిస్టర్ అయింది. వేరే యూనివర్సిటీలో సీటొచ్చింది. ఐ-20 మారితే క్రెడిట్లూ వాటంతటవే వస్తాయని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
- ఓ విద్యార్థి, వరంగల్

కాదు. ఐ-20కి ఆధారమైన సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) మార్చేది డీఎస్‌ఓ, క్రెడిట్లు ఒప్పుకునేది కొత్త యూనివర్సిటీలోని మీ డిపార్ట్‌మెంట్. మొదటిది జరిగితే రెండోది జరిగినట్టు కాదు. 30 క్రెడిట్ల ఎంఎస్‌లో చాలా యూనివర్సిటీలు 6 నుంచి 9 వరకే ఒప్పుకుంటాయి, అవీ బీ గ్రేడు లేదా అంతకన్నా పైన ఉంటేనే. రికార్డును పాత యూనివర్సిటీ వదిలే రోజును రిలీజ్ తేదీ అంటారు. అది దాటిందా, రికార్డు కొత్త యూనివర్సిటీ చేతికి వెళ్లిపోతుంది, పాత క్యాంపస్‌లో చేసే ఉద్యోగం ఆ రోజుతో ఆగుతుంది. ఆ తేదీ నుంచి 5 నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలి. ఏ కోర్సులు తీసుకుంటారో డిపార్ట్‌మెంట్ నుంచి ఈమెయిల్ చేతికందేదాకా రిలీజ్ తేదీ ఖరారు చేయకండి.