పట్నం ఎవరిని అడిగి కట్టాలి?



సాంఘికశాస్త్రం పాఠంలో ‘సుస్థిర నగరం’ అనే మాట వచ్చింది. సుస్థిరం అంటే మనం వాడుకున్నాక రేపు పుట్టేవాళ్లకు కూడా నీరు, గాలి, నేల మిగిలేటట్టు బతకడం. పట్నం సంగతి మనకెందుకే అని కొందరన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 31 మంది పట్నాల్లోనే ఉన్నారు. మా పిన్ని వాళ్లు కూడా మేడలు కట్టే పనికి పట్నం పోయారు. రేపు చదువుకో, కూలికో మనమూ పోతాం. కాబట్టి తెలుసుకోవాలి.

1. ప్రభుత్వం ఏం చేయగలదు?

బ్రెజిల్ దేశంలో కురిటిబా అనే నగరం ఉంది. 1971లో జైమీ లెర్నర్ అనే ఆర్కిటెక్టు అక్కడ మేయరు అయ్యాడు. 1974 నుంచి పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకే వేరే దారి పెట్టారు. కారు లేనివాళ్లు కూడా తొందరగా పోవచ్చు. బస్తీల సందుల్లో చెత్త లారీ పట్టదు. అందుకని 1989లో చెత్త మూట లారీ దగ్గరికి తెచ్చినవాళ్లకు బస్సు టిక్కెట్లు ఇచ్చారు. 1991 నుంచి కూరగాయలు ఇచ్చారు. అవి చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్నవే. సందు శుభ్రమైంది, ఇంట్లోకి కూర వచ్చింది, రైతుకు డబ్బులొచ్చాయి.

2. ప్రజలు ఏం చేయగలరు?

అదే దేశంలో పోర్టో అలెగ్రె అనే నగరంలో 1989 నుంచి బడ్జెట్టు గురించి జనాన్నే అడగడం మొదలుపెట్టారు. తర్వాత నగరాన్ని 16 ప్రాంతాలు చేసి సభలు పెట్టారు. మాకు ముందు నీళ్లు కావాలి, మాకు మురుగుకాలువ కావాలి అని జనం చెప్పేవాళ్లు. ఏ ప్రాంతంలో సౌకర్యాలు తక్కువో దానికి ఎక్కువ మార్కులు! మన పరీక్షలకు తిరగేసి అన్నమాట. నీళ్లు, మురుగు కనెక్షన్లు ఉన్న ఇళ్లు 1988లో నూటికి 75 అయితే, 1997 నాటికి 98 అయ్యాయి. కానీ 2017లో ఆ సభలు ఆపేశారు. పైవాళ్ల ఇష్టం మీదే నడిస్తే ఎప్పుడైనా ఆగిపోతుంది. అందుకే చట్టం ఉండాలి.

3. మన చట్టాలు

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలైంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలి. మన ఏజెన్సీ ప్రాంతాలకు 1996లో పెసా చట్టం వచ్చింది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన పంచాయతీనో సంప్రదించాలి. వార్డు కమిటీలో కొందరే ఉంటారు. గ్రామసభలో ఊళ్లో ఓటున్న వాళ్లంతా ఉంటారు. ఈ విషయంలో పట్నమే మన దగ్గర నేర్చుకోవాలని నా అభిప్రాయం.

అయితే చట్టం ఉంటే చాలదు. మా గూడెంలో బోరింగు రోడ్డు పక్కన వేశారు. చివరి ఇళ్ల ఆడవాళ్లు ఇప్పటికీ వాగుకే పోతున్నారు. నీళ్లు మోసేవాళ్లను ముందు అడిగితే ఎక్కడ వేయాలో చెప్పేవాళ్లు కదా! పట్నంలో మేడలు కట్టే మా పిన్ని వాళ్లను కూడా ఎవరూ ఏమీ అడగరు.

ఆలోచించండి:
1. మన హాస్టల్లో కొత్త కుళాయి వేస్తే ఎక్కడ వేయాలి? ముందు ఎవర్ని అడగాలి?
2. కూలి పోగొట్టుకోకుండా కూలివాళ్లు సభకు రావాలంటే సభ ఏ పూట పెట్టాలి?

జవాబులు రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి. మంచివి వచ్చే నెల ఇక్కడే రాస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని