బట్టలుతికే యంత్రం – ఇంటి ఎర్తు

ఒకప్పుడు తెలుగునాట పలక అంటే మార్కాపురం పలకే. ఆ రాయి అక్షరాలు దిద్దుకోవడానికే కాదు, ఇంకొక పనికి కూడా అనువైనది. అది విద్యుత్తును సులభంగా పోనివ్వదు. అందుకే పూర్వం స్విచ్ బోర్డులకు పలకరాతి బిళ్లలు వాడేవారు. అయితే బోర్డుకు మేలు చేసిన ఈ గుణమే ఇంటి ఎర్తుకు చేటు చేస్తుంది. మార్కాపురం, గిద్దలూరు పక్క పల్లెల్లో సైతం బట్టలుతికే యంత్రాలు చేరిన ఈ రోజుల్లో ఈ సంగతి తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

యంత్రం కొనేటప్పుడు మనవాళ్లు ఎన్ని కిలోలు, ఎన్ని స్టార్లు, ఎంత తగ్గిస్తావు అని అడుగుతారు. స్టార్లు కరెంటు, నీళ్లు ఎంత ఆదా అవుతాయో చెబుతాయి గాని షాకు సంగతి చెప్పవు. ఇంటి విద్యుత్ పరికరాల భద్రతకు ఐ.ఎస్. 302 అనే భారతీయ ప్రమాణం వేరే ఉంది. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

తిరిగే తొట్టి

ముందుగా కట్టుబడి సంగతి చూద్దాం. రెండు తొట్ల యంత్రంలో నీళ్లు పిండే తొట్టి నిమిషానికి సుమారు 1,350 చుట్లు తిరుగుతుంది. దాని వ్యాసార్థం 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఇంటర్మీడియట్‌లో చదివిన అభికేంద్ర త్వరణం సూత్రంతో లెక్క కడితే, భూమ్యాకర్షణ త్వరణానికి దాదాపు 245 రెట్లు వస్తుంది. అనగా ఒక పక్కకు చేరిన 100 గ్రాముల తడిగుడ్డ 24 కిలోల బరువంత బలంతో తొట్టిని పక్కకు లాగుతుంది. యంత్రం దడదడ అదరడానికి కారణం ఇదే. పెద్ద కంపెనీలకూ ఈ చిక్కు తప్పలేదు. 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ సంస్థ సుమారు 28 లక్షల యంత్రాలను రీకాల్ చేసింది. అదురు ఎక్కువై పైభాగం ఊడిపోయే ప్రమాదం ఉండటమే అందుకు కారణం.

పిండే తొట్టి మూత తీయగానే కరెంటు ఆగి, బ్రేకు పడి, కొద్ది సెకన్లలో తొట్టి నిలవాలి. బ్రేకు వదులైతే వెంటనే బాగు చేయించాలి. "ఆ స్విచ్చి తీసేసి వైరు కలిపేస్తే సరిపోతుందిలే" అనే మెకానిక్కు మాట వినరాదు.

కనపడని ప్రమాదం

రెండవది విద్యుత్తు. చెమ్మకు అడుగు రేకు తుప్పు పడుతుంది. కింది నుంచి ఎలుక దూరి వైరు కొరుకుతుంది. ఫేజు వైరు ఇనుప భాగానికి తగిలితే ఆ కరెంటు ఎర్తు తీగ గుండా భూమిలోకి పోవాలి. కాని రాతినేలలో, అందునా ఎండాకాలంలో, ఎర్తు నిరోధం బాగా పెరుగుతుంది. అది 100 ఓంలు అనుకుంటే 230 వోల్టులకు పోయే కరెంటు 2.3 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కాలదు. యంత్రం ఒళ్లంతా కరెంటు నిలిచే ఉంటుంది.

మన అమ్మలు, అక్కలు చెప్పుల్లేకుండా తడిబండ మీద నిలబడి ఆ యంత్రాన్నే ముట్టుకుంటారు. తడి శరీరానికి 1,000 ఓంలు లెక్క వేసినా 230 మిల్లీ ఆంపియర్లు పోగలవు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టం. కనుక "కొంచెం జిల్లుమంటుందిలే, అంతే" అని ఊరుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చేయవలసినవి

దీనికి ఉపాయం ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం అయితే, అంత తేడా రాగానే సెకనులో మూడవ వంతు లోపే సరఫరా ఆపేస్తుంది. పై లెక్కలోని 2.3 ఆంపియర్లు దానికి చాలా ఎక్కువ. కాబట్టి మనిషి ముట్టుకోక ముందే అది పడిపోతుంది. మామూలు ఎం.సి.బి. ఈ పని చేయలేదు.

అయితే ఎర్తు అక్కరలేదని కాదు. ఎర్తు అసలే లేకపోతే మనిషి ముట్టుకున్నాకే ఆ స్విచ్చి పడుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. మోటారు స్టార్టరు దగ్గర ఈ పని మన రైతులకు కొత్తేమీ కాదు, ఇంటి దగ్గరే మరచిపోతాం. మూడు పిన్నుల ప్లగ్గులో లావాటి పిన్ను విరగ్గొట్టి వాడరాదు. ఎర్తు లేదని సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్తుకు కలపడం మరీ ప్రమాదం. న్యూట్రల్ తెగిన రోజున యంత్రం ఒళ్లంతా ఫేజే.

విద్యార్థి మిత్రులారా! ఓం సూత్రం మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇంట్లో అమ్మ చేతికి అది ప్రాణరక్షణ. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మెయిను బోర్డు తలుపు తీసి ఆర్.సి.సి.బి. ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీది టెస్టు బొత్తాం నొక్కండి. పడిపోతే మంచిది. పడకపోతే, లేదా అసలు ఆ స్విచ్చే లేకపోతే, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెట్టించే దాకా ఆ యంత్రం ప్లగ్గు పీకేసి ఉంచండి. నాలుగు రోజులు చేత్తో ఉతుక్కుంటే పోయేదేమీ లేదు.