సరుగుడు తోపులో రాలిన ఆకు విలువ



సముద్రతీరపు ఇసుక నేలలకు సరుగుడు అనువైన పంట. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు జిల్లాలలో పెక్కుమంది దీనిని కొద్ది సంవత్సరముల కొకసారి నరికి, మరల నాటుచున్నారు. ఇట్లు రెండు మూడు కోతలైన పిదప దిగుబడి తగ్గినచో ‘నేల అలసినది’ అందురు. తరచుగా జరుగునది వేరు. నేలకు తిరిగి చేరవలసినది చేరుట లేదు.

ఎండిన కలప బరువులో దాదాపు సగము కర్బనము. అది గాలి నుండి వచ్చినదే. దానిని అమ్మినందున నేలకు లోటు లేదు. భాస్వరము, పొటాషు, కాల్షియము మాత్రము నేల నుండియే రావలెను. ఇవి కలపలో తక్కువ. ఆకు, సన్నని రెమ్మలు, బెరడులలో ఎక్కువ.

ఆకు రాలుటకు ముందే చెట్టు అందులోని నత్రజని, భాస్వరము, పొటాషులలో కొంత వెనుకకు తీసికొనును. మిగిలినది నేలపై పడి, వానకు తడిసి, చెదలు, సూక్ష్మజీవుల వలన కుళ్లి, మరల వేళ్లకు అందును. ఇసుకకు పోషకములను పట్టి ఉంచు శక్తి స్వల్పము. అక్కడ ఆ పని చేయునది ఈ కుళ్లిన ఆకే.

ఒక చిన్న లెక్క చూడుడు. ఎండుటాకులో నత్రజని నూటికి ఒక వంతు ఉన్నదనుకొన్నచో, 1000 కిలోల ఆకు ఊడ్చి తీసికొనిపోయిన 10 కిలోల నత్రజని పోయినట్లే. అది సుమారు 22 కిలోల యూరియాకు సమానము.

‘సరుగుడు వేళ్ల బుడిపెలలో ఫ్రాంకియా అను సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని అందించును గదా!’ అని మీరు అడుగవచ్చును. నిజమే. కాని భాస్వరము, పొటాషు గాలి నుండి రావు. భాస్వరము కొరవడినచో ఆ బుడిపెలును చక్కగా పనిచేయవు.

ఆఫ్రికాలోని కాంగో దేశమున, తీరప్రాంతపు ఇసుక నేలలో, జామాయిల్ తోటలపై 1990ల నుండి పరిశోధనలు జరిగినవి. నరికిన పిదప ఆకు, కొమ్మ, బెరడు అంతయు తీసివేసిన మళ్లలో తరువాతి చెట్ల పెరుగుదల తగ్గినది. చెత్తను అట్లే ఉంచిన మళ్లలో చెట్లు మెరుగుగా పెరిగినవి. మన తీరపు ఇసుకకును ఇది పాఠమే.

కావున ఈ క్రింది పద్ధతులు పాటింపుడు:

1. తోపులో రాలిన ఆకును ఊడ్వనీయకుడు. వంటచెరకు కావలసిన వారికి లావు కొమ్మలు ఇండు.

2. నరికిన వెంటనే ఆకును, సన్నని రెమ్మలను చేనంతట సమముగా పరువుడు. బెరడు ఒలిపించునెడల చేనిలోనే ఒలిపించి అక్కడనే వదలుడు.

3. చెత్తను కాల్చకుడు. నత్రజని పొగలో పోవును. బూడిద గాలికి, వానకు కొట్టుకొనిపోవును.

4. వేసవిలో నిప్పు భయము కలదు. తోపు చుట్టును బాటవలె కొంత మేర శుభ్రము చేసి ఉంచుడు.

5. మరల నాటుటకు ముందు మట్టి పరీక్ష చేయించి, అవసరమైన మేరకు భాస్వరము, పొటాషు ఎరువులు వేయుడు.

6. నారు పెంచునపుడు, తెగులు లేని పాత తోపు వేళ్ల బుడిపెలను నలిపి, నీటిలో కలిపి నారుకు పోయుడు.

గ్రామాధికారులు ఈ విషయమును కౌలుదారులకును, కలప నరికించు గుత్తదారులకును తెలుపవలెను. కలప కొన్నవాడు బండి కట్టించుకొని పోవును. నేల మాత్రము మీ వద్దనే ఉండును. మ్రాను అమ్ముకొనుడు, ఆకును నేలకు విడువుడు.